సమ్మతికి ముందు సత్యం: క్లినికల్ ట్రయల్‌లో చేరే తల్లిదండ్రులకు సంతానం చేయగల సహాయం

వ్యాససంగ్రహం:
నయంకాని వ్యాధితో ఉన్న తల్లిని గాని, తండ్రిని గాని క్లినికల్ ట్రయల్‌లో చేర్పించాలనుకొనే సంతానం మొదట వెతికేది కొత్త మందును. చట్టం మొదట అడిగేది రోగి సమ్మతిని. రోగికి తన జబ్బు పేరే తెలియనివ్వని ఇళ్లలో ఆ సమ్మతి ఎలా సాధ్యమన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి ఆధారంగా ట్రయల్ స్వభావాన్ని, అన్వేషణను, సమ్మతిని, పరిహారాన్ని వివరిస్తూ, నిర్ణయాన్ని రోగిదిగానే నిలపడం సంతానం చేయగల ప్రధాన సహాయమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్లినికల్ ట్రయల్, సమాచారపూర్వక సమ్మతి, అవసానదశ, ఎథిక్స్ కమిటీ, పరిహారం, ఉపశమన వైద్యం.

1. ఉపోద్ఘాతం:
ఇంట్లో పెద్దవారికి ప్రాణాంతక వ్యాధి వచ్చినప్పుడు ఆ సంగతి వారికి తప్ప అందరికీ తెలిసి ఉండడం తెలుగునాట తరచుగా చూసేదే. “నాన్నకు చెప్పకండి, తట్టుకోలేరు” అని కొడుకు డాక్టరును పక్కకు పిలిచి బతిమాలుకొంటాడు. తండ్రి చెవిన పడేవి “గడ్డ”, “పుండు”, “నెమ్ము” వంటి మాటలే. ఈ దాపరికం వెనుక ఉన్నది ప్రేమ. సాధారణ చికిత్సలో అది కొంతకాలం సాగుతుంది. ట్రయల్ విషయంలో మాత్రం సాగదు. ఊపిరితిత్తుల కేన్సర్ నాలుగో దశలో ఉన్న తండ్రిని ఉదాహరణగా తీసుకొంటే, ఆయన చేతికి వచ్చే సమాచారపత్రంలో ఆ వ్యాధి పేరు ఉంటుంది. కొత్త మందు వల్ల కలగగల హాని కూడా ఉంటుంది. వాటిని తెలుసుకొని సంతకం చేయవలసినవాడు ఆయనే.

2. ట్రయల్ స్వభావం:
ట్రయల్ ప్రధాన ధ్యేయం ఒక ప్రశ్నకు సమాధానం రాబట్టడం. మొదటి దశలో కొద్దిమందిపై మందు భద్రతను, ఇవ్వదగిన మోతాదును పరిశీలిస్తారు. రెండో దశలో అది వ్యాధిపై పనిచేస్తుందా అని చూస్తారు. మూడో దశలో ఎక్కువమందిని చేర్చుకొని ప్రస్తుత చికిత్సతో పోలుస్తారు. నాలుగో దశ మందు విపణిలోకి వచ్చిన తరువాతిది. కేన్సర్ మందుల విషయంలో మొదటి దశలోనే రోగులను చేర్చుకోవడం పరిపాటి. అందులో చేరినవారికి మేలు కలగవచ్చు. కాని ఆ దశను రూపొందించింది అందుకోసం కాదు.

పరిశోధనను తనకోసం చేస్తున్న చికిత్సగా రోగి పొరబడడాన్ని పాల్ ఆపెల్‌బామ్, ఆయన సహపరిశోధకులు 1982లో ‘చికిత్సాభ్రమ’ అనదగిన పేరుతో గుర్తించారు. ఈ భ్రమ రోగికంటే ముందు సంతానానికి కలగడం సహజం. కనుక “ఇది ఎన్నో దశ? నాన్నకు ఇందులో ఆశించదగినది ఏమిటి?” అన్నవి పరిశోధక వైద్యుణ్ని అడగవలసిన తొలి ప్రశ్నలు.

3. పదాలతో వచ్చే చిక్కు:
ట్రయల్‌ను తెలుగులో ‘ప్రయోగం’ అంటే, చేతబడికి కూడా వాడే ఆ మాట పెద్దవారిని భయపెట్టవచ్చు. ‘పరీక్ష’ అంటే రక్తపరీక్షో స్కానింగో అనుకొంటారు. ఒకటి అనవసరమైన భయాన్ని, మరొకటి అనవసరమైన నిశ్చింతను కలిగిస్తాయి. “ఈ మందు పనిచేస్తుందో లేదో డాక్టర్లకే ఇంకా తెలియదు, తెలుసుకోవడానికి మనలాంటివారికి ఇచ్చి చూస్తున్నారు” అన్న వాక్యం ఏ పారిభాషికపదం కంటే స్పష్టం. ‘యాదృచ్ఛిక కేటాయింపు’ను చీటీలు వేసి తీయడంతో పోల్చి చెప్పవచ్చు: ఎవరికి ఏ మందు వస్తుందో డాక్టరు ఎంచరు, రోగి కోరుకోలేడు. ‘ప్లసీబో’ మందులా కనిపించే, మందులేని మాత్ర. ట్రయల్‌లో అది ఉంటే, దానితోపాటు మామూలు చికిత్స కొనసాగుతుందా అని అడిగి తెలుసుకోవాలి.

4. అన్వేషణ, అర్హత:
భారతదేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు 2007లో ప్రారంభమైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ఉచితంగా లభిస్తాయి. 2009 జూన్ 15 నుండి అందులో నమోదు తప్పనిసరి అయింది. వ్యాధి పేరుతో వెతికితే ట్రయల్ దశ, జరిగే ఆసుపత్రులు, పరిశోధకుల వివరాలు, ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగులను ఇంకా చేర్చుకొంటున్నారా అన్న సంగతి, చేర్చుకొనే, మినహాయించే నిబంధనలు కనిపిస్తాయి. నమోదులో కనిపించని ‘కొత్త మందు’ను డబ్బు తీసుకొని ఇస్తామనేవారి పట్ల జాగ్రత్త అవసరం.

సంతానం శ్రమకు అసలైన చోటు ఇక్కడే. బయాప్సీ నివేదిక, ఆసుపత్రిలో భద్రపరచిన కణజాలపు బ్లాకు, స్కాన్‌లు, ఇప్పటివరకు వాడిన మందుల పేర్లు, తేదీలు, మోతాదులు ఒకచోట చేర్చాలి. నాటుమందులు వాడి ఉంటే దాచకూడదు. రోగి తన పనులు తాను చేసుకోగల శక్తిని డాక్టర్లు అంచనా కడతారు. మంచం పట్టినవారిని చాలా ట్రయల్స్ చేర్చుకోవు. కాబట్టి అన్ని చికిత్సలూ అయిపోయాక చివరి ఆశగా ట్రయల్‌ను వెతికేవారికి తరచు ఆలస్యమైపోతుంది. అర్హత లేదంటే అది రోగి ఓటమి కాదని ముందే చెప్పి ఉంచడం మేలు.

5. సమ్మతి ఎవరిది?
2019 నియమావళి ప్రకారం సమాచారం రోగికి అర్థమయ్యే, సాంకేతికత లేని భాషలో ఉండాలి. చదవలేనివారి విషయంలో సమ్మతి ప్రక్రియ పొడుగునా నిష్పాక్షిక సాక్షి ఉండాలి. పత్రం ప్రతిని రోగికి ఇవ్వాలి. రోగి స్వయంగా సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉన్నప్పుడే చట్టబద్ధ ప్రతినిధి సంతకం చెల్లుతుంది. తెలివిలో ఉన్న తండ్రికి బదులు కొడుకు సంతకం చేయడానికి వీలులేదు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు అవసానదశ రోగులను బలహీనస్థితిలో ఉన్నవారిలో చేర్చాయి. కొత్త రసాయన పదార్థాలతో జరిగే ట్రయల్స్‌లో అటువంటివారి సమ్మతి ప్రక్రియను దృశ్యశ్రవణ రూపంలో రికార్డు చేయాలన్నది నియమం. సమ్మతిపత్రంలో, ట్రయల్ కారణంగా మరణిస్తే పరిహారం పొందవలసిన నామినీ పేరు కూడా రాయాలి. వ్యాధి సంగతి తెలియని మనిషి ఆ గడి దగ్గరే మొదటిసారిగా తెలుసుకోవడం కంటే క్రూరమైనది ఉండదు.

ఒకరికి బదులు మరొకరు సంతకం చేస్తే ఏమవుతుందో తెలుగు నేల ఎరుగును. ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేసిన ప్రాజెక్టును 2010లో నిలిపివేశారు. అక్కడ అనేక సమ్మతిపత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తప్పుపట్టింది. వార్డెన్‌కూ కన్నకొడుక్కూ పోలిక లేదనిపించవచ్చు. కాని తన శరీరానికి ఏమి జరగబోతోందో తెలియని వ్యక్తి రెండుచోట్లా ఉన్నాడు.

సత్యం చెప్పడమంటే అంతా ఒక్కసారి కుమ్మరించడం కాదు. “మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది నాన్నా? అంతా తెలుసుకోవాలని ఉందా?” అని మొదలుపెట్టి, ఆయన అడిగినంత మేరకు, వైద్యుని సమక్షంలో ముందుకు సాగవచ్చు. తెలుసుకోవడం ఇష్టంలేదని ఆయన అంటే దానినీ గౌరవించాలి. అప్పుడు ట్రయల్ ఆలోచన విరమించుకోవడమే సమంజసం.

6. రక్షణలు, పరిమితులు:
ట్రయల్ వల్ల హాని కలిగితే, అవసరమైనంత కాలం లేదా ఆ హానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేవరకు, ఏది ముందైతే అంతవరకు ఉచిత వైద్యం అందాలి. ట్రయల్ కారణంగా మరణం సంభవిస్తే పరిహార సూత్రంలో మూలమొత్తం 8 లక్షల రూపాయలు. దానిని వయసునుబట్టి, వ్యాధి తీవ్రతనుబట్టి గుణిస్తారు. ఆరు నెలలకు మించి బతకరని అంచనావేసిన రోగికి తీవ్రతాంకం 0.5, ఆరోగ్యవంతునికి 4. ఆ లెక్కన 65 ఏళ్లు దాటిన అవసానదశ రోగికి వచ్చేది 4 లక్షలు. ట్రయల్ ముగిశాక మందు కొనసాగడం కూడా హామీ కాదు: మేలు కనిపించి, ప్రత్యామ్నాయం లేక, పరిశోధకుడు సిఫారసు చేసి, ఎథిక్స్ కమిటీ ఆమోదిస్తేనే ఉచితంగా అందుతుంది.

రోగి ఎప్పుడైనా ట్రయల్ నుండి తప్పుకోవచ్చు. “డాక్టరుగారు ఏమనుకొంటారో”, “అబ్బాయి ఇంత తిరిగాడు” అన్న మొహమాటంతో కొనసాగే తండ్రికి ఈ హక్కును పదేపదే గుర్తుచేయవలసింది కొడుకే. ట్రయల్‌లో ఉన్నా నొప్పి, ఆయాసం, నిద్రలేమికి ఉపశమన వైద్యం సాగాలి. ప్రయాణ ఖర్చులు ఎవరు భరిస్తారో ముందే అడగాలి; మిగిలిన రోజుల్లో ఎన్ని ఆసుపత్రిలో గడుస్తాయో కూడా లెక్కించుకోవాలి.

7. ముగింపు:
ట్రయల్‌ను వెతకడం, కాగితాలు సమకూర్చడం, ప్రశ్నలు అడగడం, వెంట నడవడం సంతానం చేయగల పనులు. నిర్ణయం మాత్రం రోగిది. తెలిసి “సరే” అన్న తండ్రి, తెలిసి “వద్దు, ఇంటికి పోదాం” అన్న తండ్రి ఇద్దరూ తమ బతుకును తమ చేతుల్లో ఉంచుకొన్నవారే. కొడుకు పడిన శ్రమ రెండో సందర్భంలోనూ వ్యర్థం కాదు. నియమావళి కోరే సమాచారపూర్వక సమ్మతి మొదలయ్యేది ఆసుపత్రి గదిలో కాదు, ఇంట్లో తండ్రి మంచం పక్కన.