గాలివానకు కారే కిటికీ

గాలి లేని వాన నిలువుగా పడుతుంది. కిటికీ పైనున్న సన్‌షేడ్ దాన్ని ఆపుతుంది. గాలి తోడైతే అదే వాన ఏటవాలుగా వచ్చి గోడను కొడుతుంది. అప్పుడు సన్‌షేడ్ ఉన్నా లేనట్టే. బెంగళూరులో 2024 జూన్ 2న ఒక్క రోజే 111 మిల్లీమీటర్ల వాన పడి, జూన్ నెలకు 1891లో నమోదైన రికార్డును దాటింది. ఈదురుగాలికి చెట్లు కూలాయి. అలాంటి వానల్లో మడివాళ వంటి పేటల్లో, చుట్టుపక్కల ఇళ్లకన్నా ఎత్తుగా ఉన్న పై అంతస్తులకు జల్లు ఎక్కువ. అక్కడ అద్దె ఇళ్లల్లో, పీజీ హాస్టళ్లలో ఉండే మన తెలుగువారికి కిటికీ కింద తడిసిన పరుపు కొత్త విషయం కాదు.

సాధారణంగా ఏం చేస్తారు? లోపల చెమ్మ కనిపించిన చోట సిమెంటు పూసి రంగు వేయిస్తారు. మళ్లీ వాన వస్తుంది, రంగు ఉబ్బి రాలుతుంది. నీరు కనిపించే చోటు వేరు, దూరే చోటు వేరు. ముందు దూరే చోటు పట్టుకోవాలి. మరమ్మతు బయటి నుంచి జరగాలి.

ముందుగా గాలి దిక్కు గమనించండి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచి, అక్టోబరు, నవంబరులలో ఈశాన్యం నుంచి వీస్తుంది. గాలి తగిలే గోడకున్న కిటికీ మాత్రమే కారితే తప్పు కిటికీ దగ్గరే ఉందనుకోవచ్చు. గాలితో పని లేకుండా, వాన వెలిసిన తరువాత కూడా చెమ్మ పాకుతుంటే పైకప్పునో, గోడలోని పైపునో చూడాలి.

తరువాత ఎండ రోజున పరీక్ష చేయండి. ఒకరు లోపల టార్చిలైటుతో ఉండాలి. మరొకరు బయట గొట్టంతో నెమ్మదిగా నీరు పట్టాలి. కింది నుంచి పైకి రావాలి. ముందు అడుగు బండ, తరువాత రెండు పక్కలు, తరువాత చట్రం పైభాగం, చివరకు సన్‌షేడ్ గోడను కలిసే చోటు. ఒక్కో చోట పది నిమిషాలు పట్టండి. పై నుంచి మొదలుపెడితే నీరు అంతటా జారి, ఏది దోషమో తేలదు. పై అంతస్తులో బయటికి వంగి ఈ పని చేయవద్దు. డాబా మీద నుంచి గొట్టం దింపవచ్చు.

జరిపే అల్యూమినియం కిటికీలకు అడుగు పట్టాలో, బయటి వైపు, చిన్న రంధ్రాలుంటాయి. పట్టాలో చేరిన నీరు బయటికి పోవడానికే అవి. దుమ్ముతో, సున్నంతో అవి మూసుకుపోతాయి. ఒక చెంబు నీళ్లు పట్టాలో పోసి చూడండి. నిలిచిపోతే సన్నని తీగతో రంధ్రాలు శుభ్రం చేయండి. గంటకు 50 కిలోమీటర్ల గాలి సూటిగా తగిలితే, ఆ ఒత్తిడికి నీరు సుమారు 12 మిల్లీమీటర్ల ఎత్తు లేవగలదు. పట్టా లోపలి అంచు అంతకన్నా పొట్టిగా ఉంటే నీరు గదిలోకి పొర్లుతుంది. ఆ రంధ్రాలను సిలికాన్‌తో మూసే పొరపాటు మాత్రం చేయవద్దు.

చట్రానికీ గోడకూ మధ్య పగులు ఉంటే పైపైన పూయడం దండగ. వదులుగా ఉన్న సిమెంటు గీకి, దుమ్ము తుడిచి, బాగా ఆరనిచ్చి, తరువాత సిలికాన్ నింపించండి. వెనిగర్ వాసన వచ్చే రకం సిమెంటుకు సరిగా పట్టదు, లోహాన్ని తింటుంది. దుకాణంలో న్యూట్రల్ రకం అని అడగండి. చెక్క కిటికీలైతే అద్దం చుట్టూ ఎండి రాలిన పుట్టీ తీసి కొత్తది పెట్టించాలి.

అడుగు బండ బయటికి వాలి ఉండాలి. బండ అంచు కింద, సన్‌షేడ్ అంచు కింద ఒక సన్నని గాడి ఉండాలి. కింది వైపు వెనక్కి పాకే నీరు ఆ గాడి దగ్గర తెగి చుక్కలుగా పడిపోతుంది. గాడి లేకపోతే ఆ నీరు గోడ వెంట దిగుతుంది. తాపీమేస్త్రీతో చెప్పి చేయించండి.

కిటికీ పక్కన స్విచ్ బోర్డు ఉండి గోడ తడిగా ఉంటే దాన్ని ముట్టుకోకండి. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అద్దెకున్నవారు వాన పడిన తేదీ, గాలి దిక్కు, నీరు దూరిన చోటు రాసిపెట్టుకుని, ఫోటోతో సహా ఇంటి యజమానికి చూపండి. ఇల్లు కారుతోందని మాత్రమే చెబితే మళ్లీ రంగే వేయిస్తారు. ఫలానా చోట పగులుందని చూపిస్తే మేస్త్రీని పిలుస్తారు.

ఈ పనులకు మార్చి నెల అనువైనది. గోడలు పొడిగా ఉంటాయి, ఏప్రిల్ ఉరుముల వానలకు ముందు సిలికాన్ ఆరడానికి వ్యవధి దొరుకుతుంది.