మంచులో మేల్కొన్న భూతాలు

మా మేనల్లుడికి పన్నెండేండ్లు. కిందటి సెలవులలో మా ఇంటికి వచ్చినప్పుడు ఒకనాటి రాత్రి పట్టుపట్టి పాత అమెరికన్ భయానక చిత్రమొకటి చూసినాడు. ఉత్తర ధ్రువపు మంచులో లక్షల ఏండ్లు నిద్రించిన ఒక బ్రహ్మాండమైన పురుగు మేల్కొని మనుష్యుల మీద పడుతుందని ఆ చిత్రపు కథ. పిల్లవాడు దడుచుకొంటాడేమోనని మా చెల్లెలు సందేహించినది. చిత్రం ముగిసిన తరువాత వాడు నా గదిలోకి వచ్చి, ముఖం చిన్నబుచ్చుకొని, "ఒక్కసారి కూడా భయం వేయలేదు మామయ్యా! అంత మంచులో నిలబడి మాట్లాడుతుంటే వాళ్ల నోట ఆవిరి రాదేం?" అన్నాడు.

ప్రశ్న చిన్నదే. కాని అందులో ఆ చిత్రాల జాతకమంతా ఇమిడి ఉన్నది. ఇరవై ఏండ్లుగా రేడియో నాటకాలకు శబ్దాలు కూర్చుతున్నవాణ్ణి గనుక లేనిదానిని ఉన్నట్లు నమ్మించే విద్యలో నాకు కొంత పరిచయం ఉన్నది. అయినను వాడికి సమాధానం చెప్పడానికి మూడు సాయంకాలాలు పట్టినవి. ఆ మాటలనే కొంత సరిదిద్ది ఇప్పుడు శ్రోతలకు మనవి చేస్తున్నాను.

1948లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ననుసరించి అక్కడి పెద్ద స్టూడియోలు తమ చేతిలోని సినిమాహాళ్లను వదులుకోవలసి వచ్చినది. అదే కాలంలో టెలివిజన్ ఇంటింటా ప్రవేశించినది. పెద్దలు ఇంట కూర్చున్నారు. హాళ్లలో పిన్నవయస్కుల పాలు పెరిగినది. ఒకే టిక్కెట్టుపై రెండు చిత్రాలు చూపే అలవాటు ముందునుంచీ ఉన్నది గనుక, ఆ రెండవ చిత్రాన్ని ఎంత చౌకగా ముగిస్తే అంత లాభం. కొన్ని సంస్థలు ముందుగా పేరు నిర్ణయించి, పోస్టరు వేయించి, ఆ తరువాతనే కథ వ్రాయించేవి. పెండ్లిపత్రికలు అచ్చువేసిన పిమ్మట పెండ్లికూతురును వెదకినట్లన్నమాట.

ఇట్టి నిర్మాతకు ధ్రువప్రాంతం కల్పవృక్షం. నగరం అక్కరలేదు, వీథులు అక్కరలేదు, జనం అక్కరలేదు. ఒక రేకుల గుడిసె, నలుగురు సైనికులు, ఒక శాస్త్రజ్ఞుడు, ఒక పత్రికా విలేఖరి ఉంటే చాలును. వెలుపల విమానాలు ఎగరవలెనంటే సైన్యం తీసి పెట్టుకొన్న ఫిల్ములు సిద్ధముగా ఉన్నవి. పైగా మంచు పాతవాటిని చెడనీయదన్నది అందరూ ఎరిగిన సత్యం. 1901లో సైబీరియాలోని బెరెజోవ్కా నది ఒడ్డున మంచునేల నుంచి ఒక మామత్ ఏనుగు మాంసంతో, చర్మంతో సహా బయటపడినది. చచ్చిన ఏనుగు దొరికినప్పుడు బ్రతికిన రాక్షసి మాత్రం ఎందుకు దొరకదని రచయితలు ఊహించినారు. ఊహలో తప్పు లేదు. దానిని నడిపించడంలో ఉన్నది తప్పు.

మా వాడు చూసినది 1957లో యూనివర్సల్ సంస్థ విడుదల చేసిన 'ది డెడ్లీ మాంటిస్'. దర్శకుడు నేథన్ జురాన్ తక్కువవాడు కాదు; కళాదర్శకుడుగా ఆస్కార్ బహుమతి పొందినవాడు. చిత్రం ఆరంభం కాగానే తెరమీద ప్రపంచపటం కనబడుతుంది. దక్షిణ సముద్రంలో ఒక అగ్నిపర్వతం పగులుతుంది. దానికి ప్రతిగా ఉత్తర ధ్రువంలో మంచుకొండ విరిగి, లోపలి పురుగు బయటపడుతుంది. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ సూత్రమే దీనికి ఆధారమట! న్యూటన్ చెప్పినది ఒకదానినొకటి త్రోసుకొనే రెండు వస్తువులను గురించి. దక్షిణాన కుంపటి అంటిస్తే ఉత్తరాన కుండ పగులుతుందని ఆయన ఎన్నడూ అనలేదు. ఆ పిమ్మట శత్రువిమానాలను పసిగట్టడానికి కెనడా ఉత్తరపు అంచున నిర్మించిన రాడార్ కేంద్రాల వరుసను గురించి ఒక దీర్ఘోపన్యాసం. ఆ కేంద్రాలు నిజముగా ఆ సంవత్సరమే పనిచేయ నారంభించినవి గనుక నాటి ప్రేక్షకునికి అది కొత్త వార్తయే. కాని భూతం కోసం వచ్చినవాడికి భూగోళపాఠం చెప్పి నిమిషాలు గడపడం దేనికి? ఫిల్ము నింపడానికి. పటం చౌక, పురుగు ప్రియం.

ఆ పురుగు మన తోటలలో కనబడే గొల్లభామయే. ముందుకాళ్లు జోడించి ప్రార్థన చేస్తున్నట్లు కూర్చుండునది. చిత్రంలో దాని పొడవు రెండువందల అడుగులు. మూడంగుళాల పురుగు రెండువందల అడుగులైనదంటే పొడవు ఎనిమిదివందల రెట్లు పెరిగినదన్నమాట. కాలి మందం, అనగా బరువు మోసే అడ్డుకోత, ఎనిమిదివందలను ఎనిమిదివందలతో గుణించినంత, ఆరులక్షల నలుబదివేల రెట్లు పెరుగుతుంది. బరువు మాత్రం మరొకమారు ఎనిమిదివందలతో గుణింపబడి ఏబదియొక్క కోట్ల ఇరువది లక్షల రెట్లవుతుంది. కనుక కాలిలోని ప్రతి భాగం మునుపటికంటె ఎనిమిదివందల రెట్లు బరువు మోయవలెను. లేవబోతేనే కాళ్లు విరుగుతాయి. ఊపిరి సంగతి అంతకంటె కష్టం. పురుగులకు మనవలె ఊపిరితిత్తులు లేవు; ప్రక్కలనున్న సన్నని రంధ్రాల గుండా, గొట్టాల గుండా గాలి లోపలికి చేరుతుంది. అంత పెద్ద దేహంలోపలికి గాలి ఆ దారిన చేరేలోపల ప్రాణం నిలవదు.

ఈ లెక్కను మొదట చూపినవాడు 1638లో గెలీలియో. సామాన్యులకు అందునట్లు వ్యాసం వ్రాసినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. మన గొల్లభామ తెరమీద వాషింగ్టన్ స్మారకస్తంభం ఎక్కిన ఆ 1957లోనే హాల్డేన్ ఇంగ్లండు విడిచి కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థకు వచ్చి చేరినాడు. 1964లో భువనేశ్వరంలో కన్నుమూసినాడు. ఆ స్తంభం ఎక్కే దృశ్యం ఒక్కటే చిత్రంలో నాకు నచ్చినది. అక్కడ స్తంభపు నమూనా మీద ప్రాకినది బొమ్మ కాదు, ప్రాణమున్న అసలు గొల్లభామ. అది ఎవరి ఆజ్ఞకూ లోబడక తన చిత్తం వచ్చినట్లు నడుస్తున్నది. చిత్రమంతటిలో నిక్కమైన నటన దానిదే.

నన్ను నొప్పించిన విషయం మరొకటి ఉన్నది. పురుగును చూసి ఒక పల్లెజనం పారిపోవలెను. పూర్వం ఎస్కిమోలని పిలిచిన ఇన్యూట్ ప్రజలు వారు. ఆ దృశ్యాల కోసం నిర్మాతలు ఎక్కడికీ పోలేదు. 1933లో విడుదలైన 'ఎస్.ఓ.ఎస్. ఐస్‌బర్గ్' అనే చిత్రం కోసం గ్రీన్‌లాండులో తీసిన ఫిల్ము యూనివర్సల్ వారి చేతిలోనే ఉన్నది. అందులోని ముక్కలు తెచ్చి అతికించినారు. ఆ పాత చిత్రంలో మంచుగడ్డ మీద చిక్కుకొన్న పరదేశీయులను రక్షించడానికి చర్మపు పడవలు వేసుకొని వచ్చినది ఆ గ్రామస్థులే. ఇరువది నాలుగేండ్ల తరువాత, వారెవరో తెలియకుండానే, వారిని లేని పురుగుకు జడిసి పరుగెత్తే గుంపుగా మార్చినారు. అతుకు సులభముగా కనబడుతుంది. ఎందుకంటే పాత ఫిల్ములో మంచు మంచుగా ఉన్నది, గాలి వీస్తున్నది, మనుష్యులు నిజముగా పడవలు లాగుతున్నారు. మరుక్షణం స్టూడియోలోని గుడిసె వస్తుంది. అసలు సరుకు ప్రక్కన పెట్టినందువలననే నకిలీ బయటపడినది.

ఇక నోటి ఆవిరి. లాస్ ఏంజిలిస్ నగరపు ఎండలో దీపాల వేడిమి క్రింద తోలు కోటు తొడిగినవాడికి చెమట వస్తుంది గాని ఆవిరి రాదు. ఆవిరి కావలెనన్నవారు ఖర్చుకు వెనుదీయలేదు. 1937 నాటి 'లాస్ట్ హొరైజన్' చిత్రపు మంచుదృశ్యాలను ఫ్రాంక్ కాప్రా ఒక శీతలగిడ్డంగిలో తీసినాడు. మంచు సంగతి ఇంకా విచిత్రం. ఆ రోజులలో మొక్కజొన్న అటుకులకు తెల్లరంగు వేసి మంచుగా చల్లేవారు. కాలు పెడితే కరకరలాడి నటుల మాట వినబడేది కాదు. సంభాషణలు మరల విడిగా చేర్చుకోవలసి వచ్చేది. 1946లో 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' చిత్రానికి మంటలార్పే మందులో సబ్బు, నీరు కలిపి శబ్దం లేని మంచు కురిపించినారు. రేడియోలో మా పని తలక్రిందులు. మాకు కనబడే మంచు అక్కరలేదు, వినబడే మంచు కావలెను. మొక్కజొన్న పిండిని గట్టి గుడ్డసంచిలో పోసి నెమ్మదిగా నొక్కితే మంచులో నడిచే అడుగుల చప్పుడు వస్తుంది. ఒకప్పుడు మా స్టూడియోలో ఆ సంచి తెగి, హిమాలయం దాటవలసిన యాత్రికుడు తెల్లని మీసాలతో బయటికి వచ్చినాడు. ఆ ప్రసంగం వేరు.

డబ్బు లేకపోవడమే ఆశాభంగానికి కారణమని మాత్రం అనుకోరాదు. 1953 నాటి 'ది బీస్ట్ ఫ్రమ్ 20,000 ఫాథమ్స్' చిత్రానికి అయిన ఖర్చు సుమారు రెండు లక్షల డాలర్లే. అందులోను మంచే, ఆటంబాంబు వలన మేల్కొన్న జంతువే. కాని దానిని కదిలించినవాడు రే హారీహౌసెన్. బొమ్మను వెంట్రుకవాసి జరిపి ఒక ఫోటో, మరల జరిపి మరొక ఫోటో. నెలల తరబడి ఓర్పుతో చేసిన ఆ పని వలన జంతువుకు బరువు వచ్చినది, చూపు వచ్చినది. డబ్బుకు బదులు అతడు కాలం ఖర్చుపెట్టినాడు.

అంతకు రెండేండ్ల ముందు, 1951లో, వచ్చిన 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' ఇంకొక మార్గం త్రొక్కినది. ఇది అంత చౌకచిత్రం కాదు. దీనికీ కొన్ని దృశ్యాలు మంచుగిడ్డంగిలోనే తీసినారు. మంచుక్రింద ఏదో వస్తువు నల్లగా కనబడుతున్నది. దాని ఆకారం తెలుసుకోవడానికి సైనికులు దాని అంచు వెంబడి చేతులు చాచి నిలబడతారు. నిలబడి చూసుకొంటే వారందరూ ఒక గుండ్రని వలయంగా ఏర్పడి ఉన్నారు. ఒక యంత్రం లేదు, ఒక భూతం లేదు, ఒళ్లు జలదరిస్తుంది. తరువాత భూతం సమీపిస్తున్నదని తెలిపేది గైగర్ యంత్రపు టిక్కుటిక్కు చప్పుడు. అది వేగం హెచ్చుతున్నకొద్దీ గదిలోనివారు తలుపువంక చూస్తారు, మనమూ చూస్తాము. ఆ భూతం వేషం వేసిన జేమ్స్ ఆర్నెస్ ఆరడుగులకు పైన మరి ఏడంగుళాల పొడవరి. అయినను దర్శకుడు అతనిని చీకటిలోనే ఉంచినాడు. తలుపు తెరచిన తరువాత చూపదగినది లేనివాడు తలుపు మూసి ఉంచవలెను. ఆ గైగర్ చప్పుడు ప్రతి రేడియో నిర్మాతా వినదగినది.

1959లో స్వీడన్, అమెరికా దేశాలవారు కలిసి లాప్‌లాండులోనే ఒక చిత్రం తీసినారు. మంచు అసలైనది, కొండలు అసలైనవి. భూతం మాత్రం బొచ్చు కప్పుకొన్న మనిషి. 1962లో అమెరికాలో దానిని కత్తిరించి, ఒక ఆచార్యుని ఉపన్యాసాలు చేర్చి, కొత్త పేరుతో విడుదల చేసినారు. ఇంతకంటె చెప్పదగినది దానిలో లేదు.

దాని దర్శకుడు వర్జిల్ వోగెల్ 1957లో తీసిన 'ది లాండ్ అన్‌నోన్' మాత్రం వేరు తరగతిది. ఆ కథకు ఆధారం నిజం. 1947 ఫిబ్రవరిలో అమెరికా నౌకాదళపు వైమానికుడు డేవిడ్ బంగర్ తూర్పు అంటార్కిటికాలో మంచులేని కొండలను, సరస్సులను చూసి అక్కడ దిగినాడు. పత్రికలవారు మంచు నడుమ ఒయాసిస్సు అని వ్రాసినారు. చిత్రంలో అది సముద్రమట్టానికి వేల అడుగుల దిగువన ఉన్న వెచ్చని లోయ అయినది, అందులో రాక్షసిబల్లులు. ఖర్చు తగ్గించవలసి వచ్చి రంగులు మానుకొన్నారు. పెద్ద బల్లి వేషంలో ఒక మనిషిని నిలిపినారు. మరికొన్నిటికి ఉడుములను తెచ్చి పోట్లాడించినారు. ఆ ఉడుములను చూసి జాలి కలుగుతుంది తప్ప భయం కలుగదు.

అట్టి ఒయాసిస్సులు అంటార్కిటికాలో మరికొన్ని ఉన్నవి. షిర్మాకర్ అనే దానిలో 1989 నుంచి మన దేశపు మైత్రి కేంద్రం పనిచేస్తున్నది. అక్కడ వెచ్చదనం లేదు. ఉన్నవి రాళ్లు, సరస్సులు, నాచు. కాని ఒకప్పుడు ఆ ఖండంలో అడవులున్నవి. 1912లో ధ్రువం నుంచి తిరిగివస్తూ మరణించిన కెప్టెన్ స్కాట్ బృందం చివరివరకు విడువక లాగుకొని వచ్చిన ముప్పదియైదు పౌనుల రాళ్లలో గ్లాసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలున్నవి. మన సింగరేణి బొగ్గు ఏర్పడినది ఆ జాతి వృక్షాల కాలంలోనే. నాడు ఈ నేల, ఆ నేల ఒకటే ఖండం. 1991 ప్రాంతంలో అంటార్కిటికాలోని కిర్క్‌పాట్రిక్ శిఖరం మీద తలపై దువ్వెనవంటి ఎముక గల రాక్షసిబల్లి శిలాజం దొరికినది. ఇంచుమించు ఆ యుగానికే చెందిన మరొక జంతువు మన గోదావరి లోయలోని యామనపల్లి వద్ద బయటపడగా, 1988లో పి. యాదగిరి దానికి కోటసారస్ అని పేరుపెట్టినారు.

మూడవ సాయంకాలం మాటలతో సరిపెట్టలేక వాణ్ణి హైదరాబాదు బిర్లా మ్యూజియమునకు తీసుకొనిపోయినాను. అనేక జంతువుల ఎముకలు కూర్చి నిలిపిన ఆ కోటసారస్ అస్థిపంజరం సుమారు ముప్పది అడుగుల పొడవు. వాడు చాలసేపు మాట్లాడక దాని తోక నుంచి మెడ దాక, మెడ నుంచి తోక దాక నడిచినాడు. తరువాత దాని కాళ్లవంక చూసి, "ఇవి ఎంత లావుగా ఉన్నాయో చూడు మామయ్యా, బరువు మోయడానికే గదా!" అన్నాడు. ఔనన్నాను. "అంటార్కిటికాలో ఉన్న దాని చుట్టానికి చలి వేసేదా?" అని అడిగినాడు. అప్పుడక్కడ మంచులేదని చెప్పినాను.