జువ్వలకు ఎదురెళ్తారు!

దీపావళికి తారాజువ్వ మనవైపు తిరిగితే ఆమడదూరం పరుగెడతాం. తైవాన్‌లోని యాన్‌షుయ్ జనం మాత్రం దానికి ఎదురెళ్తారు! చైనీయుల కొత్త సంవత్సరం మొదలైన పదిహేనో రోజున, అంటే పౌర్ణమి రాత్రి, జరిగే ‘తేనెపట్టు బాణసంచా’ పండుగ ప్రత్యేకత అదే.

ఆత్మకూరు నుంచి కురుమూర్తిస్వామి ఆభరణాలు ఊరేగింపుగా బయల్దేరితే జనం ఎలా కదులుతారో, అక్కడ గువాన్ యూ దేవుడి పల్లకీ వెంట అలాగే నడుస్తారు. పల్లకీ ఆగినచోట, తేనెపట్టు గదుల్లా పేర్చిన వేల జువ్వలకు ఒక్కసారే నిప్పంటిస్తారు. అవి జనం మీదికే దూసుకొస్తాయి. తగిలితే ఏడాదంతా కలిసొస్తుందని నమ్మకం. 1885లో గత్తర ఊరిని పీడిస్తే, దేవుణ్ని ఊరేగించి బాణసంచా కాల్చడంతో ఇది మొదలైందట. మన ఊళ్లలో అమ్మవారికి బోనం ఎత్తినట్లే!

చూడ్డానికి వెళ్తే ముఖమంతా కప్పే హెల్మెట్, మందపాటి నూలు దుస్తులు, చేతి తొడుగులు ఉండాల్సిందే. మెడకు తువ్వాలు చుట్టుకోవాలి. నైలాన్ వద్దేవద్దు. జువ్వలు బట్టల్లో ఇరుక్కోకుండా గెంతుతూనే ఉండాలి. ఇన్ని జాగ్రత్తలున్నా ఏటా కొందరికి గాయాలు తప్పవు.

2016లో కేరళలోని పుట్టింగల్ ఆలయంలో బాణసంచా పేలి వందమందికి పైగా చనిపోయారు. దేవుడి మీద భక్తితోపాటు నిప్పంటే భయమూ ఉండాలి మరి!