కారు వేగమునకు కిరణాల సాక్ష్యము

రోడ్డుపై పోయే కార్లలో స్పోర్ట్సు కారు తీరే వేరు. దానికి ఎత్తు తక్కువ, ఇంజనుకు బలము ఎక్కువ. నేలను అంటిపెట్టుకొని పోయే ఈ కార్లలో గంటకు 250 కిలోమీటర్లు దాటగలవి ఎన్నో ఉన్నాయి. కాని రోడ్డు పక్కన నిలబెట్టిన పలక మీద 80 అనో, 100 అనో వ్రాసి ఉంటుంది. కారుకు చేతనైన వేగానికీ, రోడ్డు ఒప్పుకొనే వేగానికీ మధ్యగల ఈ అంతరము మూలముననే కార్లు నడిపేవారికీ పోలీసులకూ నూరేళ్లకు పైగా పేచీ నడుస్తున్నది.

ఈ పేచీలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. కారు నిజముగా హద్దు మీరినదా, లేదా అన్నది మొదటిది. దీనిని తేల్చవలసినది కొలత. "మీరితే మాత్రమేమి? నా కారు బ్రేకులు గట్టివి, ప్రమాదము లేదు" అన్న వాదము రెండవది. దీనిని తేల్చవలసినది లెక్క. ఈ రెండింటికీ కావలసిన భౌతికశాస్త్రము ఉన్నత పాఠశాలలో చెప్పే పాఠాలలోనే ఉన్నది.

గడియారముతో కొలత

1896 జనవరిలో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతములో, ప్యాడక్ వుడ్ అనే ఊరిలో, వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన తన మోటారు బండిలో గంటకు 8 మైళ్ల వేగముతో పోయాడు. అప్పటి చట్టము ప్రకారము ఊరిలో అట్టి బండి గంటకు 2 మైళ్లకు మించరాదు. పోలీసు కానిస్టేబులు సైకిలెక్కి వెంటాడి ఆయనను పట్టుకొన్నాడు. కోర్టు వేగము నేరానికి ఒక షిల్లింగు జరిమానా వేసింది. మోటారు వేగానికి పడిన మొదటి జరిమానాగా దీనిని చెపుతారు. ఆ సంవత్సరము చివరలోనే చట్టము మారి, హద్దు 14 మైళ్లకు పెరిగింది.

కార్ల వేగము పెరిగిన కొద్దీ సైకిలు చాలలేదు. రోడ్డు మీద రెండు గుర్తులు పెట్టి, కారు మొదటి గుర్తును దాటగానే స్టాప్‌వాచి నొక్కి, రెండవ గుర్తు దగ్గర ఆపే పద్ధతి వచ్చింది. దూరమును కాలముతో భాగిస్తే వేగము తెలుస్తుంది. సూత్రము సరియైనదే, లోపమల్లా మనిషి చేతిలో ఉన్నది. గుర్తుల మధ్య దూరము 100 మీటర్లు అనుకొందాము. గంటకు 90 కిలోమీటర్ల వేగముతో పోయే కారు ఆ దూరమును 4 సెకండ్లలో దాటుతుంది. వాచి ఆపే వేలు 0.2 సెకండు తొందరపడితే లెక్క 3.8 సెకండ్లకు వస్తుంది. వేగము దాదాపు 95 అని తేలుతుంది. హద్దు 90 అయినచోట, తప్పు చేయనివాడు తప్పు చేసినవాడవుతాడు.

ఈ లోపమును దిద్దినవారిలో ఒకడు స్వయముగా పందెపు కారు నడిపినవాడే కావడము విశేషము. హాలండు దేశీయుడు మారిస్ గాట్సోనిడెస్ 1953లో మాంటెకార్లో ర్యాలీ గెలిచాడు. మలుపులలో తన కారు ఎంత వేగముతో పోతున్నదో ఖచ్చితముగా తెలుసుకోవాలన్న పట్టుదలతో ఆయన ఒక కాలమాపకమును తయారుచేశాడు. రోడ్డుకు అడ్డముగా రెండు రబ్బరు పట్టీలు పరచి ఉంటాయి. చక్రము మొదటి పట్టీని తొక్కగానే గడియారము నడుస్తుంది, రెండవదానిని తొక్కగానే ఆగుతుంది. వేలితో పని లేదు. 1958లో ఆయన గాట్సోమీటర్ అనే పేరుతో ఒక సంస్థను స్థాపించాడు. తరువాత ఆ సంస్థ కెమెరాలు అనేక దేశాల రోడ్ల పక్కన వెలిశాయి. మరింత వేగముగా పోవడానికి పుట్టిన పరికరము చివరకు వేగముగా పోయేవారినే పట్టే పరికరమైనది.

స్థాయి మార్పులో దాగిన వేగము

రైలు కూత వేస్తూ స్టేషను దాటిపోయేటప్పుడు ప్లాట్‌ఫారము మీద నిలబడినవారికి ఒక వింత వినబడుతుంది. రైలు దగ్గరకు వచ్చేటప్పుడు కూత స్థాయి హెచ్చుగా ఉంటుంది, దాటిపోగానే ఒక్కసారిగా తగ్గుతుంది. ఇంజను ముందుకు వస్తున్నప్పుడు ధ్వని తరంగాలు ఒకదాని వెనుక ఒకటి నెట్టుకొన్నట్లు దగ్గరవుతాయి. సెకండుకు చెవిని తాకే తరంగాల సంఖ్య, అనగా పౌనఃపున్యము, పెరుగుతుంది. ఇంజను దూరమవుతున్నప్పుడు తరంగాలు విడివడి, పౌనఃపున్యము తగ్గుతుంది. 1842లో క్రిస్టియన్ డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఈ సూత్రమును ప్రాగ్ నగరములో ప్రకటించాడు. 1845లో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఉట్రెక్ట్ వద్ద బాకాలు ఊదేవారిని రైలులో ఎక్కించి, సంగీతజ్ఞులను పట్టాల పక్కన నిలబెట్టి, దీనిని పరీక్షించి చూశాడు.

ధ్వనికి చెల్లే ఈ సూత్రము రేడియో తరంగాలకూ చెల్లుతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో అమెరికాలో సైన్యము కోసము రాడార్ పని చేసిన జాన్ బార్కర్ మొదలైనవారు ఇదే విద్యతో రోడ్డు మీది వాహనాల వేగమును కొలిచే పరికరమును తయారుచేశారు. కనెక్టికట్ రాష్ట్ర పోలీసులు 1947లో దానిని గ్లాస్టన్‌బరీ వద్ద పరీక్షించి, 1949 నుండి దాని ఆధారముతో జరిమానాలు వేయసాగారు.

పోలీసు చేతిలోని రాడార్ గన్ చేసే పని ఇది. ఒక రకము గన్ సెకండుకు 2,415 కోట్ల కంపనాలు గల తరంగాలను కారు మీదికి పంపుతుంది. అవి లోహమునకు తగిలి తిరిగి వస్తాయి. కారు ఎదురుగా వస్తూ ఉంటే తరంగాలు దానికి తగిలేటప్పుడు ఒకసారి, దాని నుండి తిరిగి వెలువడేటప్పుడు మరొకసారి పౌనఃపున్యము పెరుగుతుంది. అందుచేత మార్పు రెండింతలవుతుంది. కారు వేగమును, పౌనఃపున్యమును, రెండును కలిపి గుణించి కాంతి వేగముతో భాగిస్తే ఆ మార్పు వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వచ్చే కారుకు అది సెకండుకు సుమారు 4,470 కంపనాలు.

2,415 కోట్లలో 4,470 తేడాను పట్టుకోవడము ఎట్లు? దీనికి విస్పందనలు సాయపడతాయి. దాదాపు ఒకే స్థాయిగల రెండు తీగెలను ఒకేసారి మీటితే, ఆ రెండింటి తేడాకు సమానమైన సంఖ్యలో ధ్వని హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. గన్ కూడ పంపిన తరంగమును, తిరిగివచ్చిన తరంగమును కలిపివేస్తుంది. పెద్ద సంఖ్యలు రెండూ తొలగి తేడా మాత్రము మిగులుతుంది. దానిని లెక్కించడము తేలిక. అది చెవికి వినబడే స్థాయిలోనే ఉంటుంది గనుక, కొన్ని పరికరాలు దానిని ధ్వనిగా కూడ వినిపిస్తాయి.

గన్ రోడ్డుకు ఏటవాలుగా ఉంటే కొలత ఎట్లా ఉంటుందని విద్యార్థులు అడగవచ్చు. గన్ కొలిచేది కారు తనవైపు సమీపించే వేగమును మాత్రమే. అది అసలు వేగమును కోణపు కొసైన్‌తో గుణించినంత. కోణము 20 డిగ్రీలైతే 100 కిలోమీటర్ల వేగము 94గా కనబడుతుంది. నిలబడి కొలిచే గన్ విషయములో ఈ లోపము ఎప్పుడూ కారు నడిపేవాడికే మేలు చేస్తుంది.

పరికరమునకు కూడ పరీక్ష

రాడార్ కిరణము ఒక్క కారు మీదనే పడదు. టార్చిలైటు వెలుగువలె అది వెడల్పవుతూ పోతుంది. 12 డిగ్రీల కిరణము 300 మీటర్ల దూరములో 60 మీటర్లకు పైగా పరచుకొంటుంది. ముందు చిన్న స్పోర్ట్సు కారు, వెనుక పెద్ద లారీ వస్తూ ఉంటే, లారీ నుండి వచ్చే ప్రతిఫలనమే బలముగా ఉండవచ్చు. అప్పుడు గన్ చూపిన అంకె లారీది, ఆగినది కారు! కనుకనే పోలీసు ముందుగా కంటితో వేగమును అంచనా వేసి, తరువాత గన్ చూపే అంకెతో సరిచూసుకోవాలని శిక్షణలో చెపుతారు. ఎర్ర కార్లకే జరిమానాలు ఎక్కువన్న మాట కొన్ని దేశాలలో వాడుకలో ఉన్నది. రేడియో తరంగమునకు రంగు తెలియదు. అయితే ఎవరివైపు గురిపెట్టాలో నిర్ణయించేది మనిషి కన్ను. ఆ కన్ను నిష్పక్షపాతముగా ఉండవలసినదే.

1979లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రములో ఒక టెలివిజన్ కార్యక్రమములో రాడార్ గన్‌ను తాటిజాతి చెట్టు వైపు తిప్పితే అది గంటకు 86 మైళ్ల వేగముతో పోతున్నట్లు చూపింది. ఒక ఇంటి వేగము 28 మైళ్లు! ఆ సంవత్సరమే డేడ్ కౌంటీ న్యాయమూర్తి, అక్కడ వాడుతున్న తీరులో రాడార్ సాక్ష్యము నమ్మదగినది కాదని తీర్పు చెప్పాడు. ఇందులో తప్పు డాప్లర్ సూత్రానిది కాదు. ఇతర విద్యుత్ పరికరాల అలజడిని, అక్కరలేని ప్రతిఫలనాలను వేరుచేయలేని యంత్రానిది, దానిని సరిగా వాడని చేతిది.

గన్‌ను సరిచూడడానికి వాడే సాధనాలలో ఒకటి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉండే శ్రుతిదండమే. దానిని మ్రోగించి గన్ ముందు పట్టుకొంటే, కంపించే భుజము తరంగాలను తన పౌనఃపున్యముతో ఊపి పంపుతుంది. గన్ దానిని విస్పందనగా భావించి ఒక వేగమును చూపుతుంది. సెకండుకు 1,052.5 కోట్ల కంపనాల గన్ ముందు సుమారు 1,560 కంపనాల శ్రుతిదండము పట్టుకొంటే తెర మీద 80 కనబడాలి. కనబడకపోతే ఆ గన్ పనికిరాదు. భారతదేశములో 2021లో మోటారు వాహనాల నియమాలకు చేర్చిన 167ఏ నియమము, ఇటువంటి పరికరాలకు ఆమోదపత్రము ఉండాలనీ, దానిని ఏటేటా పునరుద్ధరించాలనీ విధించింది. ఇతరుల తప్పు పట్టే పరికరము ముందు తన తప్పు లేదని నిరూపించుకోవాలి గదా!

లేజరు, డిటెక్టరు

కిరణము వెడల్పు వలన వచ్చే చిక్కును లేజరు గన్ చాలవరకు తీర్చింది. 300 మీటర్ల దూరములో దాని కిరణము వెడల్పు సుమారు ఒక మీటరు. కాబట్టి ఒకే కారు నంబరు పలకకు గురిపెట్టవచ్చు. ఇది సామాన్యముగా డాప్లర్ సూత్రముతో పనిచేయదు. కంటికి కనబడని పరారుణ కాంతిని చిన్న చిన్న తునకలుగా పంపి, ప్రతి తునకా వెళ్లి రావడానికి పట్టిన కాలమును కొలుస్తుంది. 300 మీటర్లు పోయి రావడానికి పట్టేది సెకండులో పది లక్షలవ వంతులు రెండు మాత్రమే. సెకండులో మూడవ వంతు కాలములో వందకు పైగా దూరాలు కొలిచి, అవి తగ్గుతున్న రేటును బట్టి వేగమును చెపుతుంది. చేయి వణికి, కిరణము స్పోర్ట్సు కారు పొడవాటి బానెట్ మీద జారితే, కారు కదలికకు ఆ జారుడు కూడ కలుస్తుంది. అందుకే దూరాలు ఒక సరళరేఖ మీద అమరకపోతే కొలతను కొట్టివేసేటట్లు యంత్రమును ఏర్పాటు చేస్తారు.

కారు నడిపేవారు కూడ ఊరక కూర్చోలేదు. 1973 నాటి చమురు కొరత తరువాత, 1974లో అమెరికా దేశమంతటా గంటకు 55 మైళ్ల హద్దు విధించారు. 1995 వరకు అమలులో ఉన్న ఆ చట్టము కాలములో రాడార్‌ను పసిగట్టే డిటెక్టర్లు విరివిగా అమ్ముడుపోయాయి. వీటి బలము విలోమ వర్గ నియమములో ఉన్నది. దూరము రెండింతలైతే కారును చేరే తరంగము బలము నాలుగవ వంతుకు తగ్గుతుంది. కాని గన్‌కు తిరిగి వచ్చేది వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి తగ్గి, పదహారవ వంతే అవుతుంది. కనుక గన్ కారును చూడకముందే కారు గన్‌ను చూడగలదు. దీనికి విరుగుడుగా పోలీసులు గన్‌ను నిరంతరము వెలిగించి ఉంచక, కారు దగ్గరకు వచ్చిన తరువాతనే ఒక్క క్షణము నొక్కే పద్ధతి అవలంబించారు. అప్పటికి హెచ్చరిక అందినా వేగము నమోదై ఉంటుంది.

కొన్ని దేశాలలో రెండు చోట్ల కెమెరాలు పెట్టి, మధ్య దూరమును పట్టిన కాలముతో భాగిస్తారు. 20 కిలోమీటర్లను 10 నిమిషాలలో దాటిన కారు సగటు వేగము 120. సగటు 120 అయితే దారిలో ఏదో ఒక క్షణమున దాని వేగము సరిగా 120 అయి ఉండక తప్పదు. ఇది కలన గణితములోని మధ్యమమూల్య సిద్ధాంతము. కెమెరా కనబడినచోట మాత్రమే బ్రేకు వేసేవారికి ఇక్కడ తప్పించుకొనే దారి లేదు.

గట్టి బ్రేకుల వాదము

ఇక రెండవ ప్రశ్న. ఒక మామూలు కారు 60 కిలోమీటర్ల వేగముతోను, దాని పక్కనే ఒక స్పోర్ట్సు కారు 80 కిలోమీటర్ల వేగముతోను పోతున్నాయి. ఎదుట ఒక పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చాడు. ఇద్దరు డ్రైవర్లూ ఒకే క్షణమున చూశారు. చూచి బ్రేకు తొక్కడానికి ఇద్దరికీ ఒక సెకండు పట్టింది.

మామూలు కారు ఆ సెకండులో 16.7 మీటర్లు పోతుంది. దాని బ్రేకులు సెకండుకు సెకండుకు 7 మీటర్ల చొప్పున వేగమును తగ్గిస్తే, మరి 19.8 మీటర్లలో ఆగుతుంది. మొత్తము 36.5 మీటర్లు. పిల్లవాడు 37 మీటర్ల దూరములో ఉంటే బ్రతుకుతాడు.

స్పోర్ట్సు కారు మొదటి సెకండులోనే 22.2 మీటర్లు పోతుంది. మామూలు కారు ఆగిన గీతకు ఇంకా 14.3 మీటర్లే ఉన్నవి. బ్రేకులు రెండవ కారుకూ అంతే బలము గలవైతే, అది ఆ గీతను దాటేటప్పుడు వేగము దాదాపు 62 కిలోమీటర్లు. అనగా మొదటి కారు పూర్తిగా ఆగినచోట రెండవది, మొదటి కారు ఆరంభములో పోయినంత వేగముతో ఇంకా పోతున్నది! బ్రేకులు ఎంతో మేలైనవనీ, 10 మీటర్ల చొప్పున తగ్గిస్తాయనీ ఒప్పుకొన్నా, ఆ గీత వద్ద వేగము 52 కిలోమీటర్లు.

కారణము రెండు విధాలు. గతిజశక్తి వేగపు వర్గమును అనుసరించి పెరుగుతుంది. వేగము 60 నుండి 80కి మూడవ వంతు పెరిగితే శక్తి దాదాపు ఎనభై శాతము పెరుగుతుంది. రెండవది, బ్రేకు తొక్కకముందు గడిచే ఆ సెకండు మనిషిది. ఎంత ఖరీదైన కారు కొన్నా ఆ సెకండు తగ్గదు. 20 కిలోమీటర్ల దారిలో 60కి బదులు 80 వేగముతో పోతే కలిసివచ్చేది 5 నిమిషాలు. దానికి ఎదురుగా పెట్టిన పందెము మాత్రము రోడ్డు దాటేవాడి ప్రాణము.

ఉపాధ్యాయులు ఈ లెక్కను వేరు వేరు వేగాలతో విద్యార్థుల చేత చేయించి, ఫలితాలను గ్రాఫు కాగితము మీద గీయించవచ్చు. వేగమును అడ్డముగా, ఆగే దూరమును నిలువుగా తీసుకొంటే వచ్చే వక్రరేఖ పైకి ఎట్లా వంగుతున్నదో పిల్లలు తమ చేతితోనే గీస్తారు. రోడ్డు పక్క పలక మీద ఆ అంకె ఎందుకు వ్రాసి ఉన్నదో అప్పుడు వారికి ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు.