ముదురు మేక, ముప్పేట తాడు

రండర్రా, ఇలా అరుగు మీదికి జరగండి. ఒరేయ్ బుడ్డోడా, ఆ కుక్కపిల్లను దింపి కూర్చో. ఇవాళ కబురు మేక గురించి. మన రామాలయం దగ్గర తిరిగే మేక కాదు, మెక్సికో మేక.

డాలస్‌లో మీ పెద్దక్క ఉంది కదా, మొన్న ఫోన్ చేసింది. "తాతయ్యా, పొద్దున్నే మేకమాంసం స్లో కుక్కర్లో పెట్టి ఆఫీసుకి పోయాను. సాయంత్రం మూత తీసి ఎముక పట్టుకు లాగితే ఎముక ఒక్కటే చేతికొచ్చింది, ముక్క అక్కడే ఉండిపోయింది!" అని ఒకటే సంబరం. ఆ వంట పేరు బిర్రియా. పక్కింటి మెక్సికో ఆవిడ నేర్పిందట.

బిర్రియా పుట్టిల్లు మెక్సికోలో పడమటి వైపున్న హలిస్కో రాష్ట్రం. ఆ దేశానికి మేకల్ని తెచ్చింది 16వ శతాబ్దంలో ఓడలెక్కి వచ్చిన స్పెయిన్ వాళ్లు. ముదురు మేక సంగతి తెలుసుగా, నమిలితే దవడలు నొప్పెడతాయి, పైగా నీచు వాసన. స్పానిష్‌లో బిర్రియా అంటే ఎందుకూ కొరగానిది అని అర్థం. ఆ కొరగానిదానికే హలిస్కో వాళ్లు ఎండుమిరప ముద్ద పట్టించి, నేలలో గొయ్యి తీసి, మన కిత్తనార జాతి మొక్క ఆకులు పరిచి, నిప్పుల సెగకు గంటల తరబడి మగ్గబెట్టారు. ఇవాళ అక్కడి పెళ్లిళ్లలో, పండగల్లో బిర్రియాకే పెద్దపీట.

కిత్తనార అంటే గుర్తొచ్చింది. మా నాన్న చేలగట్టు మీది కిత్తనార మట్టలు కోసి, చెరువులో నానేసి, నార తీసి పలుపుతాళ్లు పేనేవాడు. మూడు పేటలు కలిపి పురి ఎక్కించాడంటే ఎద్దు గుంజినా తెగేది కాదు. మేక ఒంట్లోనూ అలాంటి ముప్పేట తాడు ఉందర్రా. దాని పేరు కొల్లాజెన్. మూడు పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. కండపోగుల్ని మోపుకట్టి, ఎముకకు బిగించి ఉంచేది అదే. ఎక్కువ పని చేసే మెడ, జబ్బ, కాళ్లలో ఆ తాడూ ఎక్కువే. మేక వయసు ముదిరేకొద్దీ ముళ్లు ఇంకా బిగుసుకుంటాయి.

ఇక్కడే ఉంది తమాషా. మాంసానికి వేడి తగలగానే కండపోగులు ముడుచుకుపోయి, తడిబట్ట పిండినట్టు నీళ్లు వదిలేస్తాయి. తాడు మాత్రం అప్పుడే లొంగదు. అందుకే అరగంట ఉడికిన ముదురు ముక్క రబ్బరులా సాగుతుంది. వేడి 60, 70 డిగ్రీలు దాటి, అలాగే గంటల కొద్దీ నిలిచి ఉంటే అప్పుడు మెల్లగా పురి వీడుతుంది. మూడు పోగులూ విడిపోయి నీళ్లలో కలిసి జిగురవుతాయి. ఆ జిగురే జెలటిన్. అది పొడిబారిన కండపోగుల మధ్యకు చేరి ముక్కను వెన్నలా జారేటట్టు చేస్తుంది. నిన్నటిదాకా పంటికి లొంగనిదే ఇవాళ నోట్లో కరిగిపోతోందన్నమాట! ఎక్కువ పని చేయని మెత్తటి కండకు ఆ భాగ్యం లేదు, దాంట్లో కరగడానికి అంత తాడు ఉండదుగా.

మీ నాయనమ్మ దాలిలో పిడకల సెగకు పాలకుండ పెట్టేది. పొద్దుగూకేసరికి ఎర్రటి మీగడ కట్టేది. స్లో కుక్కరంటే కరెంటు దాలి, అంతే. కుండ చుట్టూ సన్నటి సెగ తిరుగుతూ ఉంటుంది, అడుగంటదు. దానికి 1940లో పేటెంటు పొందినాయన అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్. లిథువేనియాలో యూదులు విశ్రాంతి రోజున పొయ్యి వెలిగించేవారు కాదు. అందుకని శుక్రవారం సాయంత్రమే కూరకుండను రొట్టెల బట్టీలో పెట్టి, ఆరిపోతున్న వేడికే తెల్లారేదాకా ఉడకనిచ్చేవారు. తల్లి చెప్పిన ఆ కబురు వినే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. చూశారా, పెద్దవాళ్ల కబుర్లు ఊరికే పోవు!

మీ అక్క ఎలా చేసిందో చెబుతా. గ్వహీయో, ఆంచో అనే ఎండుమిరపకాయలకు తొడిమలు, గింజలు తీసి, వట్టి పెనం మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించింది. అర నిమిషం చాలు, మాడితే చేదు. వేణ్ణీళ్లలో నానబెట్టి వెల్లుల్లి, ఉల్లి, టమాటా, వెనిగర్, జీలకర్ర, లవంగం, దాల్చినచెక్కతో రుబ్బింది. మెక్సికో ఒరెగానో ఆకు కూడా వేసింది. మన వాములో ఘాటునిచ్చే థైమాలే అందులోనూ ఉంటుంది. ఆ ముద్ద ఎముకలున్న ముక్కలకు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తెల్లారి సన్నసెగ మీద ఎనిమిది గంటలు పెట్టింది. నీళ్లు కొంచెమే. ఆవిరి మూతకు తగిలి మళ్లీ కుండలోకే కారుతుంది. మాటిమాటికీ మూత తీయకూడదు, పోయిన వేడి చప్పున తిరిగి రాదు. గడ్డకట్టిన మాంసం సరాసరి పెట్టనే కూడదు. అది వేడెక్కేలోపు సూక్ష్మజీవులు కాపురం పెడతాయి.

ఉడికాక పైన ఎర్రటి నూనె తేలుతుంది. మిరప ఎరుపు నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మన ఆవకాయ నూనె ఎర్రబడేదీ అందుకే. అసలు ఆ మిరప గింజ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చిందే. అంతకు ముందు మన కూరలకు కారం ముఖ్యంగా మిరియమే. అంటే మెక్సికోకూ మన గుంటూరుకూ మిరప చుట్టరికం ఉందర్రా.

మర్నాడు మీ అక్క మళ్లీ ఫోన్ చేసింది. "తాతయ్యా, ఫ్రిజ్‌లో పెట్టిన పులుసు గడ్డకట్టి వణుకుతోంది. చెడిపోయిందేమో, పారేయనా?" అంది. "పారేయకమ్మా! వేలితో నొక్కి చూడు. ఎద్దు గుంజినా తెగని తాడు అదే" అన్నాను. కాసేపు ఫోన్లో చప్పుడు లేదు. ఆ తర్వాత పొయ్యి వెలిగిన చప్పుడు, పులుసు కుతకుత వినిపించాయి. మొక్కజొన్న రొట్టె ముంచుకుని తింటూనే మిగతా కబుర్లు చెప్పింది.