అపాస్ట్రఫీ ఎవరి సొత్తు?

ఇంగ్లిష్‌లో రెండు నామవాచకాలు పక్కపక్కన పడ్డాయంటే మధ్యలో అపాస్ట్రఫీ, ఎస్ పెట్టాలా వద్దా అని చెయ్యి ఆగుతుంది. బడిలో ‘యొక్క’ అనే ఒక్క మాటతో పాఠం ముగించేశారు కదా, చిక్కంతా అక్కడే.

మొదటి మాట ‘ఎవరిది?’ అన్నదానికి జవాబైతే అపాస్ట్రఫీ కావాలి. ‘ఏ రకం?’ అన్నదానికి జవాబైతే సాధారణంగా అక్కర్లేదు. అన్నయ్య బూట్లు ‘మై బ్రదర్స్ షూస్’, బూట్లమ్మే కొట్టు ‘షూ షాప్’. రకం చెప్పే మాట మామూలుగా ఏకవచనంలోనే ఉంటుంది. ముప్ఫై రెండు పళ్లూ తోమినా అది ‘టూత్ బ్రష్షే’. ‘స్పోర్ట్స్ కార్’ లాంటివి ఈ మాట వినవు, వాటిని వదిలేద్దాం.

తిండి దగ్గర ఇంకో తమాషా ఉంది. బతికున్న జంతువు ఇచ్చేదానికి చాలావరకు అపాస్ట్రఫీ ఉంటుంది: గోట్స్ మిల్క్, షీప్స్ వూల్. కోసి వండుకునేదానికి మామూలుగా ఉండదు: చికెన్ సూప్, లాంబ్ చాప్. ప్రాణం పోగానే ఆస్తి హక్కూ పోయిందన్నమాట. కోళ్లు ఇంకా కోర్టుకెక్కలేదు.

అసలు తగువు బహువచనంతో వస్తుంది. అమెరికాలో 1954లో ఆర్మిస్టిస్ డే పేరును వెటరన్స్ డేగా మార్చారు. అందులో అపాస్ట్రఫీ లేదు. ఆ రోజు మాజీ సైనికుల సొత్తు కాదు, వాళ్లను గౌరవించుకునే రోజు అని అక్కడి మాజీ సైనికుల శాఖ వివరణ. వినడానికి బాగానే ఉంది. మరి చిల్డ్రన్స్ హాస్పిటల్ పిల్లల సొత్తా? అయినా అక్కడ అపాస్ట్రఫీ తీయడానికి వీల్లేదు. చిల్డ్రన్ అప్పటికే బహువచనం, దానికి ఉత్త ఎస్ తగిలిస్తే అలాంటి మాటే ఇంగ్లిష్‌లో లేదు. మెన్స్, విమెన్స్ కూడా అంతే. అంటే అపాస్ట్రఫీ ‘ఫలానావారి కోసం’ అని కూడా చెబుతుంది. ఆ శాఖవారి వివరణ కన్నా నాకు ఈ పిల్లల ఆస్పత్రి సాక్ష్యమే గట్టిగా కనిపిస్తుంది. వెటరన్స్ డే అలా నిలబడింది అలవాటు వల్లే.

పేర్ల విషయానికొస్తే బోర్డు చూసి రాసుకోవడమే. లండన్ పికడిలీ లైన్‌లో పక్కపక్క స్టేషన్లు రెండు. ఎర్ల్స్ కోర్ట్‌కు అపాస్ట్రఫీ ఉంది, బారన్స్ కోర్ట్‌కు లేదు. హోదాలో ఎర్ల్ పెద్దవాడు లెండి. 2012లో వాటర్‌స్టోన్స్ వాళ్లు డిజిటల్ కాలానికి వీలుగా ఉంటుందని తమ పేరులోని అపాస్ట్రఫీని తీసేశారు. అమ్మేది పుస్తకాలే.