వంశమూ వలసా: ఆఫ్రికా తీరం నుండి మన ఊరి దాకా

 

మన చిలకలూరిపేటలో ఈ మధ్య ఒక నికాహ్ సంబంధం మాటల దశలోనే నిలిచిపోయింది. పేర్లు అప్రస్తుతం. అబ్బాయి నమాజు తప్పనివాడు, కష్టజీవి. అతని దీన్‌పైగానీ నడవడిపైగానీ అమ్మాయి తరఫు పెద్దలకు ఏ అభ్యంతరమూ లేదు. ‘వారు దూదేకులవారు, మా పూర్వీకులు అరబ్బు దేశం నుండి వచ్చినవారు’ అన్నదొక్కటే అడ్డు. ఇరువైపులవారూ మస్జిదు పెద్దలను ఆశ్రయించారు. అందుచేత ఈ జుమా నాడు వంశాన్ని గురించే మాట్లాడుతున్నాము.

అరబ్బు వంశం, పారశీక వంశం అని చెప్పుకొనే అలవాటు మన ఒక్కరిదే కాదు. ఆ మాట శతాబ్దాలుగా వినిపించిన చోటు, దాని నిజానిజాలు ఇటీవల శాస్త్రపరీక్షకు నిలిచిన చోటు ఒకటి ఉంది. అది ఆఫ్రికా తూర్పు తీరం. సోమాలియాలోని మొగదిషు నుండి లాము, మొంబాసా, జంజిబార్, కిల్వాల దాకా వరుసగా ముస్లిం రేవు పట్టణాలు వెలిశాయి. ఈశాన్య రుతుపవనాలు వీచే శీతకాలంలో అరేబియా, పారశీక, గుజరాతు ఓడలు అక్కడికి చేరేవి. తిరుగు ప్రయాణానికి నైరుతి గాలి రావాలి. అంతవరకు నెలల తరబడి ఆగిన వర్తకులలో కొందరు అక్కడే ఇల్లు కట్టారు, స్థానిక స్త్రీలను వివాహమాడారు. అరబ్బీలో తీరాలను ‘సవాహిల్’ అంటారు. ఆ ప్రజలకు స్వాహిలీలనే పేరు దాని నుండే వచ్చింది. 1331లో ఇబ్న్ బతూతా కిల్వాకు వెళ్ళి, అక్కడి ప్రజల ధర్మనిష్ఠను, సుల్తాను దాతృత్వాన్ని మెచ్చుకున్నాడు.

కిల్వా సుల్తానులు తమది షీరాజ్ వంశమని చెప్పుకొనేవారు. అది గొప్ప కోసం అల్లిన కథ అని ఆధునిక చరిత్రకారులలో పలువురు కొట్టిపారేశారు. 2023లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. ఆ ప్రాంతపు పాత సమాధులలోని 80 మంది అస్థికల నుండి డీఎన్‌ఏను పరీక్షించారు. సుమారు క్రీ.శ. 1000 నుండే ఆసియా రక్తం అక్కడ కలిసిందనీ, అందులో అధికభాగం పారశీక పురుషులదనీ, కొంత భారతీయమనీ తేలింది. షీరాజ్ మాట ఉత్త కల్పన కాదన్నమాట. అయితే ఆ వంశాలలోని తల్లులు ప్రధానంగా ఆఫ్రికా స్త్రీలు. తండ్రుల పేర్లు గ్రంథాలకెక్కాయి; తల్లుల పేర్లు ఎక్కలేదు. కానీ పిల్లల నోట నిలిచింది తల్లుల భాషే. స్వాహిలీలో అరబ్బీ పదాలు ఎన్ని ఉన్నా, అది ఆఫ్రికా బంటూ కుటుంబపు భాష. దూదేకులవారు తెలుగు మాట్లాడతారని మనలో కొందరు చులకన చేయడం విన్నప్పుడల్లా మాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

ఆ సముద్రం మనకూ పరాయిది కాదు. బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవుకు వచ్చే విదేశీ వర్తకులకు కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. తరువాతి కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుండి కొన్ని కుటుంబాలు ఆఫ్రికా తీరానికి పోగా, కొన్ని నిజాం సైన్యంలో చేరి హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడ్డాయి. ఆఫ్రికా నుండి వచ్చిన సిద్దీలూ దక్కనులో ఉన్నారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, అహమద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి, 1626లో మరణించిన మలిక్ అంబర్ ఆ జాతివాడే. వనపర్తి సంస్థానంలో ఆఫ్రికా అశ్వికదళం ఉండేది. అది నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ అనే పేట పేరు ఆ దళానిదే.

వారందరూ తమ ఇష్టంతో ఓడ ఎక్కినవారు కారు. జంజిబార్‌లో బానిసల సంత 1873 దాకా సాగింది. మనుషులను మోసిన ఓడలలో ముస్లిముల ఓడలూ ఉన్నాయి. మింబరు మీద దీనిని దాచడం మాకు సమ్మతం కాదు. 2007 నాటి మన రాష్ట్రపు వెనుకబడిన తరగతుల చట్టంలో సిద్దీ, హబ్షీలు జాబితాలో ఉన్నారు, అరబ్బులను మినహాయించారు. ఒకే సముద్రం దాటి, ఒకే కొలువులో చేరి, ఒకే ఖిబ్లావైపు సజ్దా చేసినవారి మధ్య ఇంత అంతరం మిగిలింది.

ఇక ‘కుఫూ’ మాట. హనఫీ ఫిఖ్హ్‌లో వివాహానికి సమానత చూడమన్నారు కదా అని ఆ ఇంటి పెద్ద ఒకరు మమ్మల్ని అడిగారు. చూడమన్న మాట నిజమే. అయితే అరబ్బేతరులు తమ వంశావళులను భద్రపరచుకోలేదనీ, కనుక వారి మధ్య వంశాన్ని లెక్కించరాదనీ ఆ ఫుఖహాలే వ్రాశారు. తండ్రి, తాత ముస్లిములైతే ఆ విషయంలో సమానత కుదిరినట్లే. పల్నాటి దూదేకుల కుటుంబాలు ఎన్ని తరాలుగా కలిమా చదువుతున్నాయో ఆ పెద్దకూ తెలుసు. మానవులందరినీ ఒకే స్త్రీపురుషుల నుండి పుట్టించామనీ, తెగలు పరస్పర పరిచయం కోసమేననీ అల్లాహ్ సూరె హుజురాత్‌లో తెలిపాడు.

హజ్రత్ ఉసామా (రజి) తండ్రి జైద్ (రజి) అరబ్బు. తల్లి ఉమ్మె ఐమన్ (రజి) అబిసీనియా స్త్రీ, ఒకప్పటి బానిస. సుమారు ఇరవై ఏళ్ల ఆ నల్లని యువకుణ్ణి ప్రవక్త (సఅసం) తమ అంతిమ దినాలలో సైన్యానికి అమీరుగా నియమించారు. కొందరు గొణిగారు. ఇతని తండ్రిని నియమించినప్పుడు కూడా మీరు ఇలాగే ఆక్షేపించారని వారిని మందలించి, తమ నిర్ణయాన్ని మార్చలేదు.

మొన్న ఇషా నమాజు తరువాత అమ్మాయి తండ్రికి ఈ సంగతులన్నీ చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. తన నానమ్మ పుట్టిల్లు ఏ ఊరో, వారు ఏ పని చేసేవారో తన కెవరూ ఎన్నడూ చెప్పలేదన్నారు. ఇంట్లో మాట్లాడి వచ్చే జుమాకు జవాబు చెబుతానని లేచారు.